బాటిల్ నీళ్ళు చాలు, సముద్రంలో ఎన్ని చేపలున్నాయో తెలిసిపోతుంది అంటున్నారు, నిజమేనా?

సగం నిజం. ఎన్ని రకాలున్నాయో చాలావరకు తెలుస్తుంది, ఎన్ని చేపలున్నాయో తెలీదు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రెండేళ్ళు ఈ పనే చేశాను (సముద్రం లేని ఊళ్ళో నీకీ పనేంట్రా అని మా నాన్న ఇప్పటికీ నవ్వుతారు).

చేప ఒంటి జిగురు, పొలుసులు, మలం ద్వారా దాని డీఎన్ఏ నీళ్ళలో కలిసి కొన్ని గంటలో, కొన్ని రోజులో ఉంటుంది. ఆ నీళ్ళని సన్నటి ఫిల్టర్‌లో వడకట్టి, మీఫిష్ ప్రైమర్లతో (చేపల డీఎన్ఏకి అతుక్కునేలా తయారుచేసిన చిన్న డీఎన్ఏ తునకలు) 12ఎస్ అనే జీన్‌లో దాదాపు 170 అక్షరాల చిన్న ముక్కని పీసీఆర్‌లో, అంటే కాపీల మీద కాపీలు తీసే పద్ధతిలో పెంచి, సీక్వెన్సింగ్ చేయిస్తాం, అంటే ఆ అక్షరాల వరసని చదివిస్తాం. ఆ వరస డేటాబేస్‌లో ఏ చేపదానితో కలిస్తే ఆ పేరొస్తుంది. ఈ ప్రైమర్లు 2015లో జపాన్ వాళ్ళు తెచ్చినవి. ఒకినావా అక్వేరియం ట్యాంకుల్లో దాదాపు 180 రకాలుంటే వాళ్ళకి 168 దొరికాయి.

మా మొదటి బ్యాచ్ కథ వేరు. వైజాగ్ నీళ్ళు ఐస్ బాక్సులో పెట్టి రాత్రి రైల్లో తెచ్చి ఇక్కడ వడకట్టాం, అదే మొదటి తప్పు, ఒడ్డునే వడకట్టేయాలి. రిజల్ట్‌లో కానాగంతలు, కవళ్ళు, వంజరం, వాటి పక్కనే రవ్వ, కొరమీను! బంగాళాఖాతంలో కొరమీనేంటి? ఊళ్ళో మురుగునీరు కలిసిందేమో అని ఓ థియరీ కూడా అల్లేశాం. తీరా బ్లాంక్ చూస్తే, అంటే ఒట్టి శుద్ధజలం వడకట్టిన ఫిల్టర్, అందులోనూ అవే రెండు. తేదీ చూసుకుంటే మృగశిర కార్తె మర్నాడు. అందరి లంచ్ బాక్సుల్లోనూ నిన్నటి పులుసే మరి. ఆ బ్యాచ్ మొత్తం పారేశాం.

ఇంకోటి, ఒక జాతికి రీడ్లు (సీక్వెన్సింగ్‌లో చదివిన డీఎన్ఏ ముక్కల లెక్క) ఎక్కువొస్తే ఆ చేపలు ఎక్కువని అనుకోకండి. ప్రైమర్ కొన్ని జాతులకి బాగా అతుక్కుంటుంది, కొన్నిటికి అంతగా అతుక్కోదు, పైగా పెద్ద చేప ఒక్కటి పక్కనుంచి వెళ్ళినా రీడ్లు పెరుగుతాయి. ట్యూనాల్లో దగ్గరి జాతుల్ని ఈ ముక్క విడదీయలేదు. డేటాబేస్‌లో సీక్వెన్స్ లేని చేపైతే, అది నీళ్ళలో ఉన్నా మీకు పేరు రాదు, లేదా దాని చుట్టం పేరొస్తుంది. సైజు, వయసు అయితే అసలే తెలీవు, వాటికి వల వేయాల్సిందే.

మీది స్టూడెంట్ ప్రాజెక్ట్ అయితే డబ్బు చాలకపోతే స్టేషన్లు, అంటే నీళ్ళు తీసే చోట్లు, తగ్గించుకోండి, బ్లాంకులు మాత్రం వదలొద్దు. నీళ్ళు తీసిన రోజే ఫిషింగ్ హార్బర్‌కి కూడా వెళ్ళి, బోట్లలోంచి దిగిన రకాలు రాసుకోండి, తర్వాత పోల్చి చూసుకోడానికి పనికొస్తాయి.