రబ్బరు తెగలేదు, అయినా మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. పళ్లకు క్లిప్పులు వేయించి ఏడాదైంది. మూడు నెలల కిందట పై కోరపన్ను నుంచి కింది దవడ పన్నుకు చిన్న రబ్బర్లు పెట్టుకోమని, రోజూ మార్చమని డాక్టరు చెప్పారు. ఇదేమో ‘తెగలేదు కదమ్మా’ అంటూ ఒకే జతతో నాలుగైదు రోజులు గడిపేస్తోంది. నష్టమేమైనా ఉందా?
– ఓ తల్లి, ఏలూరు

జవాబు: ఉందమ్మా. తెగలేదంటే పనిచేస్తోందని కాదు. నా దగ్గరికొచ్చే పిల్లలతో నోట్లోంచి తీసిన రబ్బరునీ, కొత్తదాన్నీ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టిస్తాను. పాతది పాలిపోయి, సాగి, వంకరగా పడి ఉంటుంది. అది చూశాక నేను పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

ప్యాకెట్ మీద 3/16 అంగుళం, 4.5 ఔన్సులు అని ఉందనుకోండి. రబ్బరు లోపలి వ్యాసం 4.8 మిల్లీమీటర్లు. దానికి మూడింతలు, అంటే 14 మిల్లీమీటర్ల పైచిలుకు సాగదీస్తే దాదాపు 128 గ్రాముల బలంతో లాగుతుంది. ఇది కొత్త రబ్బరు లెక్క. నోట్లో పెట్టిన మొదటి గంటలోనే బలం గబగబా పడిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. లాలాజలం పీల్చుకోవడం, నోటి వేడి, మాట్లాడినా ఆవులించినా మరింత సాగడం, అన్నీ కలిసి దాన్ని వదులు చేస్తాయి. మొదట్లో తగ్గేదాన్ని లెక్కలో వేసుకునే మేం సైజు ఇస్తాం. నాలుగో రోజు రబ్బరు మా లెక్కలో లేదు. పన్ను కదలదు, క్లిప్పులు ఉంచాల్సిన నెలలు పెరుగుతాయి.

రబ్బరు పడని పిల్లలకు ఇచ్చే లేటెక్స్ లేని రకం ఇంకా త్వరగా నీరసిస్తుంది. వాటినైతే రోజుకు ఒకటికి రెండుసార్లు మార్చమంటాను.

నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. రెండు రోజులు మానేసి, మూడో రోజు ఒక్కో వైపు రెండేసి తగిలించుకునే పిల్లలున్నారు. దయచేసి అలా చేయనివ్వకండి. పన్ను రెట్టింపు వేగంతో జరగదు, నొప్పి పెరుగుతుంది, వేరు అరిగే ప్రమాదమూ ఉంది.

పొద్దున బ్రష్ చేయగానే రెండు వైపులా కొత్తవి పెట్టుకోమనండి. అన్నం తినేటప్పుడు తీసి, నోరు కడుక్కోగానే మళ్లీ తగిలించాలి. ప్యాకెట్ ఎండ పడే కిటికీలో వద్దు, మూత ఉన్న చిన్న డబ్బాలో వేసుకుంటే మేలు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఆ ప్యాకెట్ చూడండి. వంద రబ్బర్లదైతే, రోజుకో జత చొప్పున యాభై రోజుల్లో ఖాళీ అవ్వాలి.