ఎఫ్‌డీ బ్రేక్ చేసే ముందు ఒకసారి బానెట్ ఎత్తి ఫ్యాన్ చూడండి

ప్రశ్న: మాది నరసరావుపేట అండీ. ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్‌ని, చేతికొచ్చేది 52 వేలు, మా ఆవిడ టైలరింగ్ మీద ఇంకో ఎనిమిది తొమ్మిది వేలు వస్తాయి. 2011 సెప్టెంబర్‌లో కొన్న శాంట్రో జింగ్ పెట్రోల్ బండి ఉంది, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ మధ్య ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, గుంటూరు రోడ్డెక్కితే మళ్లీ మామూలే. ఏసీ కూడా రోడ్డు మీద బానే ఉంటుంది, ఎక్కడన్నా ఆగితే వేడిగాలి. క్లచ్ గట్టిపడింది, గుంతల్లో ముందు చక్రం దగ్గర కటకటమంటోంది. సర్వీస్ సెంటర్‌లో 68,800 ఎస్టిమేట్ ఇచ్చారు: హెడ్ గ్యాస్కెట్ పని 24,000, రేడియేటర్ 7,500, క్లచ్ సెట్ 9,500, సస్పెన్షన్ 16,000, ఏసీ కండెన్సర్, గ్యాస్ కలిపి 8,000, క్లీనింగులు 3,800. మా బావమరిదేమో "బండే 70 వేలు చేయదు, దాని మీద 68 వేలు పెడతావా బావా, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకో, 6 లక్షలు లోన్ ఇస్తారు" అంటున్నాడు. సేవింగ్స్ అంటే 2 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే, జూన్‌లో పాప ఇంటర్ ఫీజు ఉంది. ఎఫ్‌డీ బ్రేక్ చేసి రిపేర్ చేయించాలా, కొత్త బండి తీసుకోవాలా?

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు, కనీసం ఈ నెలలో వద్దు. ఆ ఎస్టిమేట్ కాగితం చూసి డబ్బు నిర్ణయం తీసుకోకండి, ఎందుకంటే అందులో ఏది జబ్బో ఏది అనుమానమో ఎవరూ మీకు విడదీసి చెప్పినట్టు లేదు.

మీరే రాశారు చూడండి, ఆగితే వేడెక్కుతుంది, నడిస్తే తగ్గుతుంది, ఏసీ కూడా ఆగితే వేడిగాలి, నడిస్తే చల్లగాలి. రెండూ ఒకే చోట వేలు చూపిస్తున్నాయి, ఫ్యాన్. బండి స్పీడ్‌గా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌నీ దాని ముందున్న ఏసీ కండెన్సర్‌నీ చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఎలక్ట్రిక్ ఫ్యాన్ చేయాలి, అది తిరక్కపోతే ముల్లూ ఎక్కుతుంది ఏసీ కూడా చేతులెత్తేస్తుంది. ఇంటి ముందు బండి స్టార్ట్ చేసి ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తి చూడండి, ఫ్యాన్ తిరుగుతోందా, తిరిగితే జోరుగా తిరుగుతోందా నీరసంగానా. తిరగట్లేదంటే ఫ్యూజో రిలేనో మోటరో వైరింగో, టౌన్‌లో ఏ ఆటో ఎలక్ట్రీషియన్ అయినా టెస్ట్ ల్యాంప్‌తో కాసేపట్లో తేల్చేస్తాడు. వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి, ప్రెషర్ మీద మరిగే నీళ్లు మొహం మీదకి తన్నుతాయి, పూర్తిగా చల్లారాకే తీయాలి.

ఫ్యాన్ బాగుందనుకోండి, అప్పుడు కూలెంట్ లెవెల్, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్), రేడియేటర్ మూత, అవి అయ్యాక రేడియేటర్ లోపల పూడుకుపోయిందా అన్న ప్రశ్న. ఇక్కడ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి, ఇన్నేళ్లూ అందులో కూలెంట్ పోశారా బోరు నీళ్లు పోశారా? మన పల్నాడు బోరు నీళ్లకి రేడియేటర్‌లో సున్నం కట్టడం కొత్తేమీ కాదు, వాటర్ హీటర్ కాయిల్ విప్పితే తెల్లగా పెచ్చులు కనపడతాయి కదా, అలాగే. రెంటచింతల ఎండలున్న చోట తిరిగే బండి వేడెక్కడానికి అది చాలు. కోటప్పకొండ ఘాట్ ఎక్కేటప్పుడు కూడా ముల్లు పైకి పోతుంటే రేడియేటర్ మీద అనుమానం పెరుగుతుంది, అప్పుడు ఆ 7,500కి అర్థం ఉంది.

మరి 24 వేల హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే సీలు? అది నిజంగా పోతే కొన్ని గుర్తులుంటాయి. బయట ఎక్కడా లీక్ కనపడకుండా కూలెంట్ తగ్గిపోతుంటుంది, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకుండా వస్తుంటుంది, ఇంజిన్ ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలా తెల్లగా ఉంటుంది, కూలెంట్ డబ్బాలో బుడగలు వస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ మీరు రాయలేదు. సర్వీస్ సెంటర్ వాళ్లని అడగాల్సిన మాట ఒకటే, "కంప్రెషన్ టెస్ట్ చేశారా, రీడింగ్ ఎంత వచ్చింది?" సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందా అని కొలిచే పరీక్ష అది, చేయలేదంటే ఆ లైన్ కొట్టేయించండి. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయినా అలాగే నడుపుకుంటూ ఇంటికొస్తే లేని జబ్బు నిజంగానే వస్తుంది, హెడ్ వంగుతుంది, అప్పుడు 24 వేలు కూడా చాలవు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటారేమో, మామూలు ప్యాకేజీ పాలసీ యాక్సిడెంట్‌కి గానీ అరుగుదలకీ ఇలా వేడెక్కి ఇంజిన్ పోవడానికీ రూపాయి ఇవ్వదు. ముల్లు ఎక్కుతుంటే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్‌గా పెట్టండి (మేలో హీటరేంటని పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి), పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి.

క్లచ్ గట్టిపడటం వేరు, జారడం వేరు. మూడో గేర్‌లో పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కండి, ఇంజిన్ అరుపు పెరిగి బండి మాత్రం అందుకోకపోతే ప్లేట్ అరిగిపోయినట్టే. ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కాబట్టి ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ మూడూ ఒకేసారి వేయించండి, విడివిడిగా వేయిస్తే లేబర్ రెండుసార్లు కట్టాలి. ఇంకా జారట్లేదంటే కొన్ని నెలలు ఆగొచ్చు.

సస్పెన్షన్ 16,000 అని మొత్తంగా రాయడం నాకు నచ్చలేదు. చిన్న గుంతలకి కటకట అంటే చాలాసార్లు లింక్ రాడ్లు, బుష్‌లే ఉంటాయి, షాక్ అబ్జార్బర్‌కి ఆయిల్ కారుతుంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. కానీ చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్, దాన్ని స్టీరింగ్‌కి కలిపే టై రాడ్ ఎండ్ మాత్రం డబ్బుల కోసం వాయిదా వేసే సరుకు కాదు, అవి ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది. చక్రం జాకీ మీద లేపించి పైనా కిందా ఒకసారి, అటూ ఇటూ ఒకసారి పట్టుకుని మెకానిక్ చేత ఊపించండి, మీరు పక్కనే నిలబడి చూడండి. ఏ పార్ట్ మార్చినా పాతది మీ చేతికివ్వమని ముందే చెప్పండి, ఆ మాట చెప్పిన బండికీ చెప్పని బండికీ బిల్లులో తేడా వస్తుంది.

క్లీనింగులు 3,800, వద్దు. ఏసీ కండెన్సర్ సంగతి ఫ్యాన్ తేలాకే.

ఇప్పుడు ఆ కాగితంలో లేని లైన్ చెప్తాను. మీ శాంట్రో ఇంజిన్‌కి టైమింగ్ చెయిన్ కాదు, టైమింగ్ బెల్ట్ ఉంటుంది, వాల్వులూ పిస్టన్లూ ఒకే తాళంలో కదిలేలా చూసేది అదే. రబ్బరు బెల్ట్, దానికి వయసుంటుంది, పైకి ఏ శబ్దమూ చేయకుండా ఒకరోజు తెగుతుంది, తెగితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోవచ్చు, అంటే మళ్లీ హెడ్ విప్పే ఖర్చు. 92 వేల కిలోమీటర్లలో అది ఎప్పుడు మార్చారో పాత బిల్లులు వెతకండి, ఎక్కడా కనపడకపోతే మార్చలేదనే లెక్కేసుకుని, బెల్ట్‌ని బిగుతుగా పట్టే టెన్షనర్‌తో సహా మార్పించండి. క్లచ్ కంటే ముందు ఇదే. కంపెనీ ఈ మోడల్ తయారీ 2014 చివర్లోనే ఆపేసింది గానీ స్పేర్లకి ఇబ్బంది లేదు, గుంటూరు ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్ రెండూ మీకు దగ్గరే, అదే లిస్టు పట్టుకెళ్లి ఇంకో రెండు చోట్ల రేటు అడగండి.

ఇక డబ్బు. మీ బావమరిది గారి లెక్క వినడానికి బాగుంటుంది గానీ పోలిక తప్పు. బండి అమ్మితే ఎంతొస్తుందన్నది అమ్మే రోజున పనికొచ్చే ప్రశ్న, మీరు అడగాల్సింది వచ్చే ఏడాది రెండేళ్లు తిరగడానికి నెలకి ఎంత పడుతుందని. పైవన్నీ చూసుకుంటే మీ పని 35, 40 వేల లోపు తేలొచ్చని నా అంచనా. 40 వేలు పెట్టి 18 నెలలు నడిపినా నెలకి 2,200 చిల్లర. 6 లక్షలు 9.5 శాతం మీద ఐదేళ్లకి తీసుకుంటే ఈఎంఐ 12,600, వడ్డీయే 1,56,000 దాటుతుంది. ఆ ఈఎంఐలు ఆరు కడితే మీరు భయపడుతున్న 68,800 ఎస్టిమేట్ మొత్తం అయిపోయి ఇంకా మిగులుతాయి. అరవై వేల ఇంటి ఆదాయంలో 12,600 బండికి పోతే జూన్ ఫీజు ఎక్కణ్నుంచి తెస్తారు?

ఎఫ్‌డీ మీకున్న ఒకే ఒక్క గొడుగు, దాన్ని కదపకండి. ఫ్యాన్, కూలెంట్ పని, ఊగుతున్నట్టు తేలితే బాల్ జాయింట్ కూడా ఈ నెల జీతంలోనే, టైమింగ్ బెల్ట్ వచ్చే నెల, క్లచ్ ఆ తర్వాత. మరీ ఒకేసారి మీద పడితే ఎఫ్‌డీ మీదే బ్యాంకులో లోన్ ఇస్తారు, మీ ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది అంతే, బ్రేక్ చేస్తే పడే పెనాల్టీ ఉండదు, తీర్చేశాక ఎఫ్‌డీ అలాగే ఉంటుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోండి అంటారు, ప్రాసెసింగ్ ఫీజూ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపి చూసుకోండి, తీపి తగ్గుతుంది.

ఇంకో తేదీ మీరు మర్చిపోయారు. సొంత బండి ఆర్‌సీ 15 ఏళ్లే, అంటే 2026 సెప్టెంబర్‌తో మీది అయిపోతుంది. ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకి రెన్యువల్ చేయించుకోవాలి, 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 5,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ అదనం. పదిహేనేళ్లు దాటితే పెట్రోల్ బండి తుక్కే అని ఎవరన్నా అంటే అది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ, మనకి కాదు. కాబట్టి బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ పనులు ఎలాగూ సెప్టెంబర్ లోపు అవ్వాల్సినవే, డబ్బు ముందు వాటికి పెట్టండి.

కంప్రెషన్ టెస్ట్‌లో ఇంజిన్ నిజంగా పోయిందని తేలితే, లేదా కింద ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే నేనూ అమ్మేయమనే అంటాను. ఇంకొకటి, మీ బండిలో ఎయిర్‌బ్యాగ్ ఉండి ఉండదు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచే తప్పనిసరి చేశారు. పాపని ఎక్కించుకుని హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లైతే దీన్ని నేను ఖర్చు లెక్కలో కలపను, అది మీ ఇంట్లో మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. అందుకే రిపేరుతో పాటు, ముందు ముందు కొనే కొత్త బండి కోసం ఈ నెల నుంచే నెలకి 4,000 ఆర్‌డీ మొదలుపెట్టండి, మూడేళ్లకి అసలే 1,44,000 అవుతుంది, అప్పటికి లోన్ అంత చిన్నదవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కదా, ఇప్పుడే కొనాలన్న తొందర దాని వల్లే చాలామందికి వచ్చింది, తగ్గిన పన్ను ఎక్కడికీ పోదు.

అమ్మే రోజు వస్తే రెండు పనులు. క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు దాటితే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది, అది బండిది కాదు మీది, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే కొత్త బండి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) సగం తగ్గుతుంది, షోరూంలో దీని గురించి వాళ్లంతట వాళ్లు చెప్తారనుకోకండి. రెండోది ఆర్‌సీ, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చినా కొన్నవాళ్ల పేరు మీదకి మారేదాకా వదలకండి, పేరు మారకముందు ఆ బండి ఎవరినన్నా గుద్దితే రిజిస్టర్ అయినవాడిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఫ్యాన్ చూసి, బెల్ట్ బిల్లు దొరికిందో లేదో, కంప్రెషన్ రీడింగ్ ఎంతొచ్చిందో మళ్లీ రాయండి, ఆ మూడూ తెలిస్తే నెలవారీ లెక్క ఇంకా కచ్చితంగా వేసిస్తాను.