సీ ప్రోగ్రాంలోంచి టికిల్ వేరియబుల్‌ని మార్చాలంటే సెట్‌వారా, లింక్‌వారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సీ ప్రోగ్రాంలో టికిల్ (టీసీఎల్ అనే స్క్రిప్టు భాష) ఇంటర్‌ప్రెటర్ పెట్టుకున్నారు, టికిల్ వేరియబుల్‌లో విలువ రాసే సెట్‌వార్‌తో ఒక విలువ పెడితే స్క్రిప్టులోని ప్రొసీజర్ "నో సచ్ వేరియబుల్" అంటోంది, దాంతో విసిగి, సీ వేరియబుల్‌నే టికిల్ వేరియబుల్‌కి ముడివేసే లింక్‌వార్‌కి మారితే కాసేపు బాగానే నడిచి తర్వాత చెత్త అంకెలు చూపిస్తోంది. ఈ రెండు గోతుల్లోనూ నేను పడ్డాను. ఇంకా పెద్ద గోతిలో కూడా పడ్డాను, అది చివర్లో చెబుతాను. (కోడ్‌లో ఈ ఫంక్షన్ల పేర్ల ముందు టీసీఎల్, అండర్‌స్కోర్ ఉంటాయి, ఇక్కడ ప్రతిసారీ రాయను.)

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గుణుపురం రోడ్డులో ఒక రైస్ మిల్లు కాటాకి ప్రోగ్రాం రాశాను. కాటా మీద ట్రాక్టర్ ఎక్కితే ఇండికేటర్ డబ్బా సీరియల్ వైరు మీద బరువు పంపుతుంది, దాన్ని సీ ప్రోగ్రాం చదువుతుంది. ధర లెక్క మాత్రం టికిల్ స్క్రిప్టులో పెట్టాను. వడ్లకి కేంద్రం మద్దతు ధర 2024-25లో క్వింటాలుకి 2300, మరుసటి ఏడు 2369. ఏటా మారే అంకె కోసం సీ కోడ్ మళ్లీ కంపైల్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లడం ఎవడివల్ల అవుతుంది. టికిల్ అంటే హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసేవాళ్ల సరుకు అనుకుంటారు గానీ, 1988లో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ మొదలుపెట్టిందే వేరే ప్రోగ్రాంలో ఇమిడిపోయే లైబ్రరీగా. కాబట్టి మీరు చేస్తున్నది సరైన వాడకమే.

ముందు "నో సచ్ వేరియబుల్" సంగతి. సెట్‌వార్‌కి చివర ఇచ్చే ఫ్లాగ్ దగ్గర సున్నా పెట్టారంటే, ఆ క్షణంలో ఏ ప్రొసీజర్ నడుస్తుంటే దాని లోకల్‌లోకి పోతుంది విలువ. మీ సీ కమాండ్‌ని ఒక ప్రొసీజర్ పిలిచింది, వేరియబుల్ ఆ ప్రొసీజర్‌లో పుట్టింది, అది ముగియగానే పోయింది. టీసీఎల్_గ్లోబల్_ఓన్లీ ఇవ్వండి. అంతటితో అయిపోదు, స్క్రిప్టు వైపు కూడా ప్రొసీజర్ మొదట్లో గ్లోబల్ అని ప్రకటించాలి, లేదా పేరు ముందు రెండు కోలన్లు పెట్టాలి, ఎందుకంటే టికిల్ ప్రొసీజర్‌కి బయటి వేరియబుల్స్ వాటంతట అవి కనిపించవు. పనిలో పనిగా టీసీఎల్_లీవ్_ఎర్_మెసేజ్ ఫ్లాగ్ కూడా కలపండి, లేకపోతే విఫలమైనప్పుడు నల్ ఒక్కటే వస్తుంది, ఎందుకో చెప్పదు.

వేరియబుల్ విలువని చదివిచ్చే గెట్‌వార్‌తో జాగ్రత్త. అది ఇచ్చే పాయింటర్ మీది కాదు, ఇంటర్‌ప్రెటర్‌ది. దాన్ని ఫ్రీ చేయకూడదు, దాచుకోకూడదు. నేను ధరని ఒకసారి తెచ్చుకుని పాయింటర్ పట్టుకుని కూర్చున్నాను, మధ్యలో స్క్రిప్టు ధర మార్చింది, ఆ పాయింటర్ ఎటు చూస్తోందో దేవుడికే ఎరుక. వెంటనే కాపీ చేసుకోవాలి.

ఇక లింక్‌వార్. ఇది నాకు బాగా ఇష్టం, కానీ దీనికి నియమం ఒకటే: మీరిచ్చిన అడ్రసు, లింక్ ఉన్నంతకాలం బతికి ఉండాలి. చెత్త అంకెలు వస్తున్నాయన్నారు కదా, వందకి తొంభై పాళ్లు మీరు ఏదో ఫంక్షన్ లోపల ఇంట్ ప్రకటించి దాని అడ్రసు ఇచ్చి ఉంటారు. ఫంక్షన్ అయిపోయాక ఆ స్టాక్ చోటు వేరేవాళ్లకి పోతుంది, టికిల్ మాత్రం పాత ఇంటి తలుపే కొడుతూ ఉంటుంది. స్టాటిక్ చేయండి, లేదా ప్రోగ్రాం మొత్తం బతికుండే స్ట్రక్చర్‌లో పెట్టండి, ఆ స్ట్రక్చర్‌ని వదిలేసేముందు అన్‌లింక్‌వార్ పిలవండి.

స్ట్రింగ్‌ని లింక్ చేయడం ఇంకో తంటా. టీసీఎల్_లింక్_స్ట్రింగ్ అన్నప్పుడు స్క్రిప్టు కొత్త విలువ రాస్తే టికిల్ పాత స్ట్రింగ్‌ని తనే ఫ్రీ చేసి కొత్తది పెడుతుంది, కాబట్టి ఆ స్ట్రింగ్‌కి చోటు టికిల్ అలాక్ (టికిల్ సొంత మెమరీ ఫంక్షన్)తో తీసుకున్నదై ఉండాలి. మీరు కోట్స్‌లో రాసిన స్ట్రింగ్ అడ్రసు ఇచ్చారా, అక్కడే కూలుతుంది. నేనైతే స్ట్రింగ్స్‌ని లింక్ చేయడమే మానేశాను.

లింక్ చేసిన వేరియబుల్‌ని సీ వైపు మారిస్తే, స్క్రిప్టు దాన్ని చదివినప్పుడు కొత్త విలువే వస్తుంది. కానీ టీకే (టికిల్‌తో కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) లేబుల్‌కి ఆ వేరియబుల్‌ని తగిలించి ఉంటే లేబుల్ మారదు, ఎందుకంటే విలువ మారిందని దానికి ఎవరూ చెప్పలేదు. మా స్క్రీన్ మీద కొత్త ట్రాక్టర్ ఎక్కినా పాత ట్రాక్టర్ బరువే ఉండిపోయేది, ఆపరేటర్ "బాబూ, ఇదేటి కదల్దు" అని ఫోన్. సీ లో మార్చిన ప్రతిసారీ అప్‌డేట్‌లింక్డ్‌వార్ పిలిస్తే సరిపోయింది. బరువుని స్క్రిప్టు మార్చకూడదు కాబట్టి రీడ్ ఓన్లీ ఫ్లాగ్ కూడా తగిలించాను.

ఇప్పుడు ఆ పెద్ద గోయి. లింక్‌వార్‌కి ముందు, మొదటి వెర్షన్‌లో, ఇండికేటర్ నుంచి వచ్చిన స్ట్రింగ్‌ని ఉన్నదున్నట్టు సెట్‌వార్‌తో స్క్రిప్టుకి ఇచ్చేశాను. ఆ డబ్బా ఎప్పుడూ ఆరు అంకెలు పంపుతుంది, ముందు సున్నాలు నింపి. ఒక ట్రాక్టర్ వచ్చింది, లోడుతో 006340, ఖాళీగా 003250. నికరం 3090 కిలోలు రావాలి. చీటీ మీద 1592 వచ్చింది! రైతు చీటీ చూసి మండిపడ్డాడు, "ఇదేటి కొత్త రకం కట్నీ ఛట్నీ" అని. మా వైపు మండీల్లో తరుగు పేరుతో కోసేదాన్ని ఒడియాలో అలా అంటారు, ఆ మాట వినబడితే జనం మూగిపోతారు. మిల్లు యజమాని నా వైపు చూశాడు. నేను కాటా పాడైందన్నాను, పాపం కాటా తప్పేం లేదు.

టికిల్ 8లో ముందు సున్నా ఉన్న అంకెని ఎక్స్‌ప్రెషన్‌లో వాడితే ఆక్టల్ (పదికి బదులు ఎనిమిది ఆధారంగా, 0 నుంచి 7 వరకే అంకెలున్న లెక్క) అనుకుంటుంది. 006340 అంటే 3296, 003250 అంటే 1704, తీసేస్తే సరిగ్గా 1592. ఇంకా విచిత్రం, బరువులో 8 గానీ 9 గానీ ఉంటే అది ఆక్టల్ కాదు కాబట్టి ఎర్రర్ వచ్చేది, ఆపరేటర్ చేత్తో కొట్టి పని కానిచ్చేవాడు, నాకు చెప్పలేదు. 2024లో వచ్చిన టికిల్ 9లో ఈ అలవాటు తీసేశారు, కానీ ఊళ్లలో మెషీన్ల మీద ఉన్నవి 8లే. ఇది సీ భాష నుంచి వచ్చిన జబ్బే, స్ట్రింగ్‌ని అంకెగా మార్చే స్ట్రటోల్‌కి బేస్ సున్నా ఇచ్చినా ఇదే జరుగుతుంది.

కాబట్టి అంకెని అంకెగానే దాటించండి. సీ లో స్ట్రటోల్‌కి బేస్ 10 ఇచ్చి ఇంట్‌గా మార్చి, న్యూఇంట్ఆబ్జ్‌తో ఆబ్జెక్టు చేసి సెట్‌వార్2ఈఎక్స్‌తో పెట్టండి, లేదా లింక్ చేసిన ఇంట్‌లో వేయండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు గెట్‌వార్2ఈఎక్స్, ఆపైన గెట్‌డబుల్‌ఫ్రమ్ఆబ్జ్, అది టీసీఎల్_ఓకే ఇచ్చిందో లేదో చూడకుండా విలువ వాడొద్దు. సీ కోడ్ మీ చేతిలో లేకపోతే స్క్రిప్టులోనే స్కాన్ కమాండ్‌కి పర్సెంట్ డీ ఇస్తే ముందు సున్నాలున్నా దశాంశంగానే చదువుతుంది.

మొత్తానికి నా పద్ధతి ఇలా కుదిరింది: సీ వైపు క్షణక్షణం మారే బరువు ఒక్కటే లింక్, స్క్రిప్టు సొంతమైన ధర, తేమ లాంటివి కావాల్సినప్పుడు గెట్‌తో తెచ్చుకోవడం. రెండు వైపులా రాసే వేరియబుల్ ఒక్కటి కూడా ఉంచలేదు.

పేర్ల గురించి ఒక మాట, మీరు అడగలేదు గానీ. మా రైతుల పేర్లు, ఊళ్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటాయి. సెట్‌వార్‌కి యూటీఎఫ్-8 స్ట్రింగే ఇవ్వాలి, అందులో ఈ రెండు లిపుల్లోనూ ప్రతి గుర్తు 3 బైట్లు, గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్కే. "పర్లాకిమిడి" 33 బైట్లు. నేను 20 బైట్ల బఫర్ పెట్టాను, చీటీ మీద "పర్లాక" పక్కన ఒక ప్రశ్నార్థకం అచ్చయ్యేది.

మీరు లింక్‌వార్ పిలిచిన లైను, ఆ వేరియబుల్ ఎక్కడ ప్రకటించారో ఆ పది లైన్లు ఇక్కడ పెట్టండి. టికిల్ వెర్షన్ కూడా రాయండి.