ఎఫ్‌డీ తీసే ముందు ఫిల్టర్ కోసి చూడమనండి

ప్రశ్న: మాది ఏడేళ్ల డీజిల్ కారు. పోయిన వారం బంకులో డీజిల్ అని చెప్పినా కుర్రాడు పెట్రోల్ పట్టేశాడు. ట్యాంకులో సుమారు 10 లీటర్ల డీజిల్ ఉంది, దాని మీద 15 లీటర్ల పెట్రోల్ పడింది. బిల్లు చూసుకోలేదు. మూడు కిలోమీటర్లు వెళ్లాక బండి కుదుపులు మొదలుపెట్టింది, పొగ వచ్చింది. వెంటనే ఆపి టోయింగ్ చేయించాం. ట్యాంకు ఖాళీ చేయించి డీజిల్ పోస్తే స్టార్టయింది. అయినా పంపు, ఇంజెక్టర్లు, పైపులు అన్నీ మార్చాలని వర్క్‌షాపు వాళ్లు ఎస్టిమేట్ ఇచ్చారు. కారు మామూలుగా అమ్మితే వచ్చే డబ్బులో అది మూడో వంతు! ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్లోనే రాదనేశారు. బంకు యజమాని ట్యాంకు కడిగించిన ఖర్చు ఇస్తాను, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. మా వారు క్రెడిట్ కార్డు ఈఎంఐ అంటున్నారు, నేను అమ్మాయి చదువుకు వేసిన ఎఫ్‌డీ తీద్దామంటున్నాను. ఏది మేలు?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని మీరిద్దరూ వాదించుకుంటున్నారు. ఎంత తేవాలో ఇంకా తేలనే లేదు. ఆ ఎస్టిమేట్ ఒక అనుమానానికి కట్టిన ధర. అనుమానం నిజమో కాదో తేల్చే పరీక్షకు అయ్యే ఖర్చు దానిలో చాలా చిన్న భాగం. ముందు ఆ పరీక్షకు డబ్బు పెట్టండి.

అసలు ఏం జరిగి ఉంటుందో తెలిస్తే వర్క్‌షాపులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది. చాలా డీజిల్ బళ్లలో హై ప్రెషర్ పంపుకు వేరే ఆయిల్ ఉండదు, దాన్ని కందెనలా కాపాడేది డీజిలే. కారు టైర్లో గాలి రెండు, రెండున్నర బార్ల ఒత్తిడిలో ఉంటుంది. ఇప్పటి కామన్ రైల్ (ఇంజిన్లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లన్నింటికీ దాన్ని పంచే ఒకే గొట్టం) పంపు 1,600 బార్లు, కొన్నింట్లో 2,000 బార్ల దాకా పుట్టిస్తుంది. అంత ఒత్తిడిలో తిరిగే లోహానికి నూనె పొర కావాలి. పెట్రోల్ ఆ పొరను కడిగేస్తుంది. అప్పుడు లోహం లోహాన్ని గీరి సన్నని రజను రాలుతుంది. ఆ రజను రైల్లోకి, ఇంజెక్టర్లలోకి పోయి, మిగిలిన ఇంధనంతో పాటు రిటర్న్ పైపు గుండా తిరిగి ట్యాంకులోకి వస్తుంది.

అంటే మీ ప్రశ్నకు సగం జవాబు రజను దగ్గరే ఉంది. రజను పుట్టి ఉంటే వర్క్‌షాపు చెప్పిందే నిజం, అన్నీ మార్చాల్సిందే. అక్కడ పొదుపు చేసి రెండు ఇంజెక్టర్లు మాత్రం మారిస్తే, మిగిలిన రజను కొత్తవాటినీ తినేస్తుంది. పుట్టకపోతే మాత్రం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే.

కాబట్టి ఇలా అడగండి: పాత ఫ్యూయల్ ఫిల్టర్‌ను మా ఎదుటే కోసి చూపించండి. పంపు మీదుండే కంట్రోల్ వాల్వ్ విప్పి లోపల మెరిసే పొడి ఉందేమో చూపించండి. రైల్ ప్రెషర్ రీడింగ్, ఇంజెక్టర్ల లీక్ బ్యాక్ టెస్ట్ (ఒక్కోదాని నుంచి ఎంత ఇంధనం వెనక్కి కారుతోందో చూసే పరీక్ష) ఫలితం కాగితం మీద ఇవ్వండి. ఫోటోలు మీరే తీసుకోండి. పాత ఫిల్టర్ పారేశామంటే అది మంచి సంకేతం కాదు, అప్పుడు వేరే చోట ఇంకో అభిప్రాయం తీసుకోవాలి. నేనూ ఒకసారి ఏ పరీక్షా లేకుండా ఎస్టిమేట్ మీద సంతకం పెట్టి నాలుగు ఇంజెక్టర్లకు డబ్బు కట్టినవాణ్నే. తీసేసిన పాతవాటిని ఇంకోచోట పరీక్ష చేయిస్తే నాలుగూ బాగానే ఉన్నాయి.

అన్నీ శుభ్రంగా ఉన్నాయని తేలితే ఫ్లషింగ్, కొత్త ఫిల్టర్, నిండుగా మంచి డీజిల్ వరకే ఖర్చు పెట్టండి. కానీ బండి స్టార్టవగానే పండగ కాదు. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక ఫిల్టర్ మళ్లీ విప్పించండి. ఆ రెండో తనిఖీ ఖర్చు కూడా ఇప్పుడే పక్కన పెట్టుకోండి.

రజను కనిపిస్తే లెక్క మారుతుంది. కారు మంచి కండిషన్లో ఉంటే 100 వస్తుందనుకుందాం. మీ ఎస్టిమేట్ 33. ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే ఎంతిస్తారో ఇద్దరు ముగ్గుర్ని అడగండి. 45 అన్నారనుకోండి. బాగు చేయించాక మీ చేతిలో మిగిలే విలువ 67, కాబట్టి బాగు చేయించడమే నయం. 70 ఇస్తామన్నారంటే అమ్మేయడమే నయం. కంపెనీ రీకండిషన్ చేసి గ్యారంటీతో ఇచ్చే పంపు, ఇంజెక్టర్లు దొరికితే ఆ 33 తగ్గుతుంది. అదీ అడిగి చూడండి.

ఇక ఆ సంతకం. పెట్టకండి. ‘పూర్తి, తుది పరిష్కారం’ అనే మాట ఉన్న కాగితం మీద సంతకం పెడితే, రేపు పంపు పోయిందని తేలినా మీరు అడగడానికేమీ మిగలదు. ఇస్తానన్న డబ్బు తీసుకోవచ్చు, అయితే ‘ఇప్పటివరకు అయిన ఖర్చు కింద మాత్రమే’ అని రాసి తీసుకోండి. బిల్లులో పెట్రోల్ అని, లీటర్లు, సమయం ఉంటాయి. దాన్ని ఫోటో తీసి ఉంచండి, థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి. సీసీ కెమెరా రికార్డు పాతదాని మీద కొత్తది పడుతూ పోతుంది కాబట్టి, ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని ఇవాళే రాతపూర్వకంగా అడగండి. పొగ కనబడగానే బండి ఆపడం మీకు పెద్ద బలం. నష్టం పెరగకుండా చూసుకున్నారనడానికి టోయింగ్ రసీదే సాక్ష్యం. తీసిన ఇంధనం నమూనా వర్క్‌షాపులోనే సరైన డబ్బాలో ఉంచమనండి, ఇంటికి తెచ్చుకోకండి. 60 శాతం పెట్రోల్ కలిసిన డీజిల్ ఇంచుమించు పెట్రోల్ లాగే మండుతుంది. పారబోయలేక బైకులోనో జనరేటర్‌లోనో పోద్దామని కూడా అనుకోకండి.

ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్ మాట లెక్కలోకి రాదు. మామూలు పాలసీల్లో యాంత్రిక నష్టం, పర్యవసాన నష్టం (ఒకదాని వల్ల తర్వాత కలిగే నష్టం) మినహాయింపుల్లో ఉండటం మామూలే. అయినా ఏ నిబంధన కింద రాదో మెయిల్లో అడగండి. ఇంజిన్ రక్షణ యాడ్-ఆన్ తీసుకుని ఉంటే దాని మినహాయింపులు చదవండి. పేరులో ఇంజిన్ ఉన్నంత మాత్రాన తప్పు ఇంధనం అందులోకి వచ్చినట్టు కాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే కనీసం టోయింగ్ ఖర్చు రావచ్చు. క్లెయిమ్ కుదిరినా నో క్లెయిమ్ బోనస్ లెక్క వేసుకోండి: 50 శాతం తగ్గింపులో ఉన్నవాళ్లకు అది పోతే సొంత బండి నష్టానికి కట్టే భాగం ప్రీమియం రెట్టింపవుతుంది. చిన్న బిల్లయితే సొంతంగా కట్టుకోవడమే లాభం.

చివరికి మీ ఇద్దరి తగువు. పరీక్ష, ఫ్లషింగ్ వరకే అయితే అత్యవసర నిధి లోంచి తీసి, రెండు మూడు నెలల్లో నింపేయండి. మొత్తం మార్చాల్సి వస్తే నా ఓటు మీ వారికి కాదు. కార్డు బాకీ మీద నెలకు 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ, చక్రవడ్డీ కడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఈఎంఐగా మార్చుకుంటే రేటు తగ్గవచ్చు, కానీ ప్రాసెసింగ్ ఫీజు కలిపి మొత్తం ఎంత కడతారో అడగండి, నెల వాయిదా చూసి మోసపోవద్దు. అలాగని డిపాజిట్ తెంచేయమనీ అనను. దాని మీద బ్యాంకు లోన్ ఇస్తుందేమో కనుక్కోండి. తనఖా ఉంది కాబట్టి రేటు సాధారణంగా కార్డు కన్నా చాలా తక్కువ ఉంటుంది, డిపాజిట్ కూడా అలాగే ఉంటుంది. అమ్మాయి ఫీజు కట్టాల్సిన తేదీకి ముందే ఆ లోన్ తీరేలా వాయిదాలు పెట్టుకోండి. బంకు నుంచి ఎప్పుడైనా డబ్బు వస్తే అది నేరుగా ఆ లోన్‌లోకే వెళ్లాలి.