చెరలోని రాకుమారి చేతికి కత్తి ఇస్తే సరిపోతుందా?

ప్రశ్న: ఒక జానపద నవలను సినిమాగా తీయడానికి రచయిత్రి అనుమతి తీసుకుని మిత్రులం స్క్రీన్‌ప్లే రాసుకుంటున్నాం. నవలలో మూడో అధ్యాయంలోనే మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోతాడు; ఆమె చివరి వరకూ ఎదురుచూస్తూనే ఉంటుంది. రెండు కత్తియుద్ధాలు పెడితే ఆమె పాత్ర బలపడుతుందని మా నిర్మాత అంటున్నారు. అది నవలకు అన్యాయం కాదా?
– ఒక పాఠకురాలు, వడపళని, చెన్నై

జవాబు: ఆమెకు చొరవ ఇవ్వడం అన్యాయం కాదు, కానీ కత్తియుద్ధంతో చొరవ రాదు. ఆమె నిర్ణయం వల్ల కథ మలుపు తిరగాలి, ఆ నిర్ణయానికి ఆమె ఏదో ఒకటి వదులుకోవాలి.

టోల్కీన్ నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో, ఎల్ఫ్‌లనే అమరజాతికి చెందిన ఆర్వెన్ అరుదుగా కనిపిస్తుంది. మానవుడైన ఆరగార్న్‌తో ఆమె ప్రేమకథ ప్రధానంగా నవల చివర చేర్చిన అనుబంధంలోనే ఉంది. 2001లో వచ్చిన మొదటి చిత్రంలో, గాయపడిన కథానాయకుడు ఫ్రోడోను గుర్రం మీద ఏరు దాటించి, తరుముకొచ్చిన రౌతులను ధిక్కరించే పని ఆమెకు అప్పగించారు. నవలలో గ్లోర్‌ఫిండెల్ అనే ఎల్ఫ్ వీరుడి గుర్రమెక్కి ఒంటరిగా ఏరు దాటి, ఆ రౌతులను ధిక్కరించినవాడు ఫ్రోడోయే. ఆమెకు ఇచ్చిన తెగువను అతని దగ్గర లాక్కోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2003 నాటి మూడో చిత్రంలో మాత్రం, తనవాళ్లతో శాశ్వతంగా వెళ్లిపోవడానికి ఓడరేవుకు బయలుదేరిన ఆర్వెన్ తనకు పుట్టబోయే బిడ్డ కళ్లముందు మెదలగానే వెనుదిరిగి, ఆరగార్న్ వంశానికి చెందిన విరిగిన ఖడ్గాన్ని మళ్లీ అతికించమని తండ్రిని కోరుతుంది. నవలలో ఆ ఖడ్గం ఫ్రోడో బృందం ఆమె తండ్రి ఇంటి నుంచి బయలుదేరకముందే సిద్ధమవుతుంది కాబట్టి ఇదీ చేర్పే. అయినా ప్రేమ కోసం అమరత్వాన్ని వదులుకున్న మూలకథలోని నిర్ణయం నుంచే పుట్టింది కాబట్టి అతుకులా కనిపించదు.

మీ రాకుమారి విషయంలోనూ మూలంలోనే వెతకండి. 1942లో మద్రాసులో జెమినీ సంస్థ చిత్రంగా తీసిన బాలనాగమ్మ కథలో, ఆమె చెరలో ఉండి కూడా నోము నెపంతో ఏళ్ల తరబడి మాంత్రికుణ్ణి దగ్గరకు రానివ్వదు. ఏడు సముద్రాల అవతలి చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుల కథల్లో, ఆ గుట్టును మాటల్లో పెట్టి రాబట్టేది చాలాసార్లు బందీగా ఉన్న స్త్రీయే. కాబట్టి సినిమా నడిమధ్యలో ఆమెకు పారిపోయే దారి ఒకటి తెరవండి. ప్రాణరహస్యం ఇంకా తెలియలేదు కనుక ఆమె తనంతట తానే ఉండిపోయేలా రాయండి. అక్కడి నుంచి ఆమె ఎదురుచూపు కాస్తా పన్నాగం అవుతుంది, కోట లోపలి ప్రతి సన్నివేశానికీ బిగువు వస్తుంది. చిలుకను పట్టుకునే సాహసాన్ని మాత్రం నాయకుడికే ఉంచండి. ఆమె పంపిన కబురు లేనిదే అతను అక్కడికి చేరలేకపోతే చాలు.

అనుమతి ఉంది కదా అని ఊరుకోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు ఇచ్చిన తరువాత కూడా, తన ప్రతిష్ఠకు భంగం కలిగించే వక్రీకరణపై రచయితకు అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుంది. రాకుమారి ఉండిపోయే ఆ సన్నివేశాన్ని షూటింగుకు ముందే రచయిత్రిగారికి చదివి వినిపించండి.