ఒకే ప్యానెల్ రెండు ఫారమ్‌లలో కావాలంటే

విండోస్ ఫార్మ్స్‌లో (డాట్‌నెట్‌లో డెస్క్‌టాప్ యాప్‌లు తయారుచేసే పద్ధతి) మొదటి ఫారమ్‌లోని, అంటే మొదటి విండోలోని, ప్యానెల్‌ని రెండో ఫారమ్‌కి యాడ్ చేయగానే మొదటిదాంట్లో మాయమవుతోంది అన్నారు కదా, టెన్షన్ పడకండి. ఏ కంట్రోల్‌కైనా (బటన్, ప్యానెల్ లాంటి తెరమీది భాగం) ఒక్క పేరెంటే, అంటే దాన్ని తనలో ఉంచుకునే ఫారమ్ లాంటిది ఒక్కటే, ఉంటుంది. కొత్త చోట చేర్చగానే పాత చోటు నుంచి దానంతట అదే తొలగిపోతుంది. డబ్ల్యూపీఎఫ్ (విండోస్ యాప్‌లు తయారుచేసే మరో పద్ధతి), ఆండ్రాయిడ్ అయితే ఇలా చేస్తే నేరుగా ఎర్రరే ఇస్తాయి.

ఆ ప్యానెల్‌ని యూజర్ కంట్రోల్‌గా (మనమే తయారుచేసుకుని ఎన్నిచోట్లైనా వాడుకోగల కంట్రోల్) మార్చి, ప్రతి ఫారమ్‌లో దాని కొత్త ఆబ్జెక్ట్ పెట్టండి. డేటా ఆబ్జెక్ట్ మాత్రం ఒకటే ఉండాలి. దాన్ని రెండింటికీ ఒక ప్రాపర్టీ ద్వారా ఇచ్చి బైండ్ చేయండి, అంటే తెరమీది బాక్సులను ఆ డేటాకి ముడిపెట్టండి. కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) ఇస్తే, ఫారమ్‌ని గీసుకునే డిజైనర్ ఇబ్బంది పెడుతుంది. డేటా క్లాసులో ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్డ్ (విలువ మారిందని తెరకి కబురు చేసే ఇంటర్‌ఫేస్) తప్పకుండా రాయండి, లేకపోతే కోడ్‌లో మార్చిన విలువ తెరమీదకు రాదు.

ఇంకొకటి, టెక్స్ట్‌బాక్స్ బైండింగ్ మామూలుగా ఆ బాక్స్ వదిలి బయటికి వచ్చాకే విలువను పంపుతుంది. టైప్ చేస్తుండగానే రెండో విండోలో కనిపించాలంటే అప్‌డేట్ మోడ్‌ని ఆన్‌ప్రాపర్టీఛేంజ్డ్‌గా పెట్టండి.