క్లస్టర్ అంచుల్లో మసక రేడియో ఉద్గారం కనబడకపోతే

పుణె దగ్గరి రేడియో టెలిస్కోప్ యూజీఎంఆర్‌టీ బ్యాండ్ 3 (250–500 మెగాహెర్ట్జ్) డేటాలో, 0.2 రెడ్‌షిఫ్ట్ (దూరాన్ని సూచించే కొలత) దగ్గరి గెలాక్సీల క్లస్టర్‌కి 6 ఆర్క్‌సెకండ్ల ఇమేజ్‌లో చిన్న మూలాలన్నీ వచ్చాయి, అంచుల్లో మాత్రం మసక వెలుగేమీ లేదని మీరన్నారు. టెన్షన్ పడకండి. అంత సన్నని బీమ్‌లో (ఇమేజ్ విడదీసి చూపగల అతి చిన్న కొలత), పరుచుకున్న వెలుగు నాయిస్ కింద మునిగిపోతుంది.

ముందుగా ఫ్లాగింగ్ (చెడిన డేటాను పక్కన పెట్టడం) చూడండి. పెద్ద ఆకారాలను పట్టేవి ఖోదాద్‌లో యాంటెన్నాలు దగ్గరదగ్గరగా ఉన్న సెంట్రల్ స్క్వేర్ పొట్టి బేస్‌లైన్లే (యాంటెన్నా జతల మధ్య దూరాలు). ఇంటర్‌ఫియరెన్స్ (బయటి రేడియో సంకేతాల గోల) ఎక్కువ తగిలేదీ వాటికే. ఆటోమేటిక్ ఫ్లాగర్ వాటిని ఊడ్చేస్తే, తర్వాత ఏం చేసినా లాభం లేదు.

అవి బాగుంటే, 2 కిలోలాంబ్డాకు (తరంగదైర్ఘ్యానికి 2,000 రెట్లు) పైబడిన బేస్‌లైన్లతోనే చిన్న మూలాల ఇమేజ్ ఒకటి చేసి, ఆ మోడల్‌ను విజిబిలిటీల్లోంచి (యాంటెన్నా జతలు నమోదు చేసిన కొలతలు) తీసేయండి. మిగిలిన డేటాను అన్ని బేస్‌లైన్లతో, 30 ఆర్క్‌సెకండ్లకు టేపర్ చేసి (పొడవైన బేస్‌లైన్ల బరువు తగ్గించి బీమ్‌ను వెడల్పు చేసి), చిన్నా పెద్దా ఆకారాలను కలిపి పట్టే మల్టీస్కేల్ క్లీన్‌తో మళ్లీ ఇమేజ్ చేయండి. ఆ దూరంలో 1 మెగాపార్సెక్ అంటే దాదాపు 5 ఆర్క్‌మినిట్లు, కాబట్టి ఈ బీమ్ సరిపోతుంది.

ఇక్కడే మోసపోతాం: రేడియో గెలాక్సీల తోకలు పూర్తిగా పోవు. వాటి అవశేషాలు కలిసి అచ్చం హాలోలా (క్లస్టర్‌లో పరుచుకున్న మసక రేడియో వెలుగు) కనిపిస్తాయి. ఆప్టికల్ ఇమేజ్ పక్కన పెట్టి సరిచూడండి.

అయినా రాకపోతే ఆశ్చర్యం లేదు. 2022లో 4 క్లస్టర్లలో బయటపడ్డ మెగాహాలోలను (అంచుల దాకా విస్తరించిన భారీ హాలోలు) పట్టింది యూరప్‌లోని రేడియో టెలిస్కోప్ లోఫార్, అదీ ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీలో. వీటి స్పెక్ట్రమ్ బాగా నిటారు, అంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వేగంగా మసకబారతాయి. అలా ఏమీ కనబడనప్పుడు, తెలిసిన ఫ్లక్స్ (మొత్తం రేడియో ప్రకాశం) ఉన్న నకిలీ హాలోను విజిబిలిటీల్లో కలిపి, ఎంత వరకు తగ్గిస్తే మాయమవుతుందో చూడండి. అదే మీ పై హద్దు, పేపర్‌లో ధైర్యంగా రాయొచ్చు.